సూపర్‌హీరో విభాగం పగ్గాలు ఎవరి చేతికివ్వాలి

ప్రియమైన మేనల్లుడికి,

ఆశీస్సులు. మీ స్టూడియోలో సూపర్‌హీరో సినిమాలకు అధిపతిని వెతికే బృందంలో నిన్నూ వేశారని రాశావు, సంతోషం. నువ్వు పంపిన పేర్లలో సగం మంది పెద్ద దర్శకులే. ఆ జాబితా కాసేపు పక్కన పెట్టు. మనిషిని ఎంచేముందు ఆ కుర్చీకి ఏ అధికారాలుంటాయో తేల్చండి.

కెవిన్ ఫైగీ 2007 నుంచి అమెరికా సూపర్‌హీరో సినిమాల సంస్థ మార్వెల్ స్టూడియోస్‌కు అధ్యక్షుడు. ఆయన దర్శకుడు కాదు. 2000లో వచ్చిన ఎక్స్‌మెన్‌కు అసోసియేట్ ప్రొడ్యూసర్‌గా చేసి, నిర్మాణంలోనే ఎదిగాడు. అంతటివాడి కథల మీద కూడా 2015 దాకా ఒక కమిటీ పెత్తనం ఉండేది. ఆ ఏడాది ఆయన్ని నేరుగా మాతృసంస్థ డిస్నీలో స్టూడియోస్ అధిపతి అలన్ హార్న్ కిందికి మార్చాక ఆ కమిటీ పోయింది. కాబట్టి మీ అధిపతి ఒక్కరికే జవాబుదారీగా ఉండాలని నియామక పత్రంలోనే రాయించు. సినిమాలు, సిరీస్‌లు, యానిమేషన్ అన్నీ ఆ ఒక్క చేతి కిందే ఉండాలి.

పదవీకాలం సంగతి ఇంకా ముఖ్యం. సూపర్‌మ్యాన్ లాంటి పాత్రలున్న డీసీ సినిమాల బాధ్యత 2016లో జెఫ్ జాన్స్, జాన్ బర్గ్‌లకు, 2018లో వాల్టర్ హమాడాకు, 2022 నవంబరులో జేమ్స్ గన్, పీటర్ సఫ్రాన్‌లకు వెళ్లింది. ఇలాంటి సినిమా స్క్రిప్టు నుంచి తెరకెక్కేసరికి రెండు మూడేళ్లు సులువుగా పడుతుంది. అంటే వచ్చిన ప్రతివాడూ ముందువాడి సినిమాలనే విడుదల చేస్తూ కూర్చోవాలి. 2023లో వచ్చిన నాలుగు డీసీ సినిమాలూ అలాంటివే. ఆ కథాప్రపంచం మారబోతోందని జనవరిలోనే ప్రకటించేశారు, ఇక ప్రేక్షకుడికి ఏం ఆసక్తి మిగులుతుంది? అయిదేళ్లకు తక్కువ ఒప్పందం వద్దని గట్టిగా చెప్పు.

దర్శకుడే కావాలని మీవాళ్లు పట్టుబడితే జంటగా పెట్టండి. డీసీలో దర్శకుడైన గన్ కథలు చూస్తాడు, నిర్మాత అయిన సఫ్రాన్ నిర్మాణం, వ్యాపారం చూస్తాడు. 2025 సూపర్‌మ్యాన్‌ను గన్ స్వయంగా రాసి తీశాడు. ఆయన సెట్‌లో ఉన్న నెలల్లో మిగతా సినిమాల లెక్కలు చూసే మనిషి ఆఫీసులో ఉండాలి కదా. స్క్రిప్టు పూర్తికాకుండా షూటింగ్‌కు వెళ్లకూడదన్న ఆయన నియమం మాత్రం యథాతథంగా తీసుకోండి.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పక అడుగు: విడుదల తేదీ ప్రకటించారు, ఆటబొమ్మల కంపెనీలతో ఒప్పందాలైపోయాయి, కథలో మూడో అంకం, అంటే ముగింపు భాగం, ఇంకా కుదరలేదు, ఏం చేస్తారు? షూటింగ్ మొదలుపెట్టి రీషూట్లలో సర్దుకుంటామనేవాణ్ణి తీసుకోవద్దు. తేదీ వాయిదా వేయమని పైవాళ్లతో వాదించగలవాడు కావాలి.

రీషూట్ల ఖర్చు, నటుల రోజులు మొదటి బడ్జెట్‌లోనే పెట్టేవాడేనా అని కూడా చూడు. 2017 జస్టిస్ లీగ్‌లో ఆ తిప్పలే వచ్చాయి. రీషూట్ల సమయానికి సూపర్‌మ్యాన్‌గా వేసిన హెన్రీ కావిల్ వేరే సినిమా కోసం మీసం పెంచి ఉన్నాడు, తీసేయడానికి ఆ సినిమావాళ్లు ఒప్పుకోలేదు. గ్రాఫిక్స్‌తో చెరిపితే పై పెదవి వికారంగా తేలింది. ఒప్పందంలో రోజులతో పాటు గెటప్ కూడా రాసుకోవాలి.

ఇక సంఖ్య. 2021లో మార్వెల్ నుంచి నాలుగు సినిమాలు, అయిదు సిరీస్‌లు వచ్చాయి. 2024లో అప్పటి డిస్నీ సీఈఓ బాబ్ ఐగరే ఏడాదికి రెండు సినిమాలు, మహా అయితే మూడు అని తగ్గించాడు. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు, మొదటి మూడేళ్లూ ఏడాదికి ఒకటే చాలు. స్ట్రీమింగ్ వాళ్లు ఎక్కువ అడిగితే కాదనే హక్కు అధిపతిదేనని ఒప్పందంలో ఉందో లేదో, సంతకాలకు ముందు నువ్వే ఒకసారి చదివి చూడు.

మీ మామయ్య