గుండెలో ‘గడ్డ’ అనాలా, ‘కణితి’ అనాలా?

సందేహం: మా జర్మన్ షెపర్డ్ గుండెలో ట్యూమర్ ఉందని, ప్రోగ్నోసిస్ గార్డెడ్ అని స్కానింగ్ రిపోర్టులో రాశారు. ఇంట్లో మేము ‘గుండెలో గడ్డ’ అంటున్నాం. ఒడియా బడిలో చదివే మా అబ్బాయి ‘హృత్పిండంలో కణితి’ అని రాశాడు. ఏది సరి? ప్రోగ్నోసిస్‌ను ‘రోగ నిదానం’ అనవచ్చా? – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, కణితి అన్నదాకా మీ అబ్బాయి మాటే సరి. హృత్పిండం మాత్రం వద్దు. ఒడియాలో గుండెను అలాగే అంటారు గానీ, తెలుగులో పిండం అనగానే కడుపులోని పిండమో తద్దినం నాటి పిండమో గుర్తొస్తుంది. కణితిని మాట్లాడేటప్పుడు కంతి అన్నా సరే. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరివారు మీరు, వాడుక మాట రాయడానికి సంకోచం వద్దు.

‘గడ్డ’ తప్పు మాటేం కాదు. మంచుగడ్డ, మట్టిగడ్డ, సెగ్గడ్డ, నెత్తుటి గడ్డ, అన్నీ గడ్డలే. చిక్కు అక్కడే ఉంది. మెడ మీదో కాలి మీదో అయితే ఏమన్నా నష్టం లేదు. గుండెలో గడ్డ అంటే మాత్రం వినేవారికి ముందుగా తోచేది గడ్డకట్టిన రక్తం. రక్తం పలచబడే మందు వేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కుక్కల గుండెలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కణితి హెమాంజియోసార్కోమా. ఇది రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్. చాలావరకు కుడి కర్ణికలో, అంటే గుండె కుడివైపు పై గదిలో వస్తుంది, చిట్లి నెత్తురు కారుతుంది. దానికి ఆ మందు వేస్తే ప్రాణానికే ముప్పు.

‘గుండెకు నీరు పట్టింది’ అనడమూ ఇలాంటిదే. ఆ కణితి చిట్లితే గుండె చుట్టూ ఉన్న పొరలో చేరేది నీరు కాదు, రక్తం. అది గుండెను నొక్కేస్తే కుక్క ఉన్నపళంగా కూలబడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. సూదితో తీస్తే తెరిపిన పడుతుంది, కానీ మళ్లీ చేరవచ్చు. కాబట్టి ‘గుండె పొరలో రక్తం చేరింది’ అనండి.

ఇక నిదానం. ఆయుర్వేదంలో అది రోగకారణం, నేటి వాడుకలో రోగ నిర్ధారణ. ప్రోగ్నోసిస్ ఈ రెండూ కాదు, జబ్బు ఇకముందు ఎలా నడుస్తుందన్న అంచనా. దీనికి మన వైద్యంలో చక్కని మాటే ఉంది: సాధ్యాసాధ్యత. సుఖసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని అందులో మెట్లు. యాప్యం అంటే పూర్తిగా నయం కాకపోయినా వైద్యంతో నెట్టుకురాగలిగేది. బాక్సర్, బుల్‌డాగ్ వంటి పొట్టి మూతి జాతుల్లో గుండె మొదట్లో, బృహద్ధమని దగ్గర మెల్లగా పెరిగే కీమోడెక్టోమా అనే కణితి అలాంటిది. గుండె పొరను కోసి తీసేస్తే ఏడాది, రెండేళ్లు బతికే కుక్కలున్నాయి. హెమాంజియోసార్కోమాకు ఆపరేషన్, కీమోథెరపీ రెండూ చేసినా దక్కేది సాధారణంగా కొద్ది నెలలే. దాన్ని అసాధ్యం అనక తప్పదు.

గార్డెడ్‌ను ‘కాపలా’ అనో ‘జాగ్రత్త’ అనో అనువదిస్తే అర్థం పోతుంది. ‘కోలుకుంటుందని భరోసా ఇవ్వలేం’ అని రాయండి. రిపోర్టులో ట్యూమర్ అని మాత్రమే ఉంది కాబట్టి, కణితి కుడి కర్ణికలో ఉందా, గుండె మొదట్లో ఉందా అని డాక్టరును తప్పక అడగండి. యాప్యమో అసాధ్యమో చాలావరకు తేలేది అక్కడే.