ప్రేమను నమ్మడమా, నమ్ముకోవడమా?

సందేహం: బైబిల్లో యోహాను మొదటి పత్రిక 4:16లో “మనయెడల దేవునికి ఉన్న ప్రేమను మనమెరిగినవారమై దాని నమ్ముకొనియున్నాము” అని ఉంది. సండే స్కూల్ పిల్లలకు చెప్పేటప్పుడు దీన్ని “నమ్మాం” అని తేలిక చేయవచ్చా? అదే వచనంలోని “ప్రేమాస్వరూపి”లో దీర్ఘం సరైనదేనా?

సమాధానం: తేలిక చేయండి, ‘కొను’ను మాత్రం తీసేయకండి. “నమ్ముకున్నాం” అన్నా పిల్లలకు అర్థమవుతుంది.

క్రియకు ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే చెందుతుంది: వండాడు, వండుకున్నాడు. ‘నమ్ము’ దగ్గర ఇది ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఎవరో చెప్పింది నిజమేననుకుంటే నమ్మినట్టు. బతుకు భారమంతా దాని మీద వేస్తే నమ్ముకున్నట్టు. “భూమిని నమ్ముకున్నాం”, “మిమ్మల్నే నమ్ముకుని వచ్చాం” అంటాం. అక్కడ “నమ్మాం” పెడితే వాక్యం చప్పబడిపోతుంది. దయ్యాలను నమ్మేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, నమ్ముకునేది భూతవైద్యుడొక్కడే!

మరి పోతన రుక్మిణి “నమ్మితి నా మనంబున” అన్నప్పుడు ‘కొను’ లేకుండానే శరణాగతి పలికింది కదా అని మీరడగవచ్చు. నిజమే. నమ్మేది మనిషినో దేవుణ్ణో అయితే ఒట్టి ‘నమ్ము’కే ఆ బరువు వస్తుంది. ప్రేమ గుణం. “ప్రేమను నమ్మాం” అంటే ప్రేమ అనేది ఒకటుందని ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది, సినిమా డైలాగులాగా. యోహాను అక్కడితో ఆగడు. నాలుగు వచనాల తర్వాత, కంటికి కనిపించే సోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని తేల్చేస్తాడు. దేవుని ప్రేమే ఆధారమనుకున్నవాడు ఆ ప్రేమతోనే పక్కవాడితో మెలగాలి. క్రైస్తవ జీవితానికి ఆయన పెట్టిన గీటురాయి ఇదే. గలతీయులకు రాసిన పత్రికలో (5:6) పౌలు కూడా సున్నతి ఉందా లేదా అన్నది పక్కనపెట్టి, ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే ముఖ్యమంటాడు.

గ్రీకు మూలంలో ఎరగడం, నమ్మడం రెండూ, జరిగిపోయి ఫలితం ఇంకా నిలిచి ఉన్న పనిని చెప్పే రూపంలో ఉన్నాయి. “నమ్ముకొనియున్నాము” దానికి చక్కగా సరిపోయింది. పైగా “వాళ్లు ప్రభువును నమ్ముకున్నారు” అంటే క్రైస్తవులయ్యారనే అర్థం మన ఊళ్లలో స్థిరపడింది. మీ పిల్లలు ఇంట్లో వినే మాటే.

ఇక దీర్ఘం. సంస్కృతంలో ‘ప్రేమ’ అసలు ‘ప్రేమన్’ అనే నకారాంత శబ్దం (‘న్’తో ముగిసేది), సమాసంలో ఆ ‘న్’ పోయి ‘ప్రేమస్వరూపి’ కావాలి. దయా, కరుణా ఆకారాంతాలు (‘ఆ’తో ముగిసేవి) కాబట్టి దయాస్వరూపి, కరుణాస్వరూపి సరైనవే. ఆ పోలికతోనే ఇక్కడా దీర్ఘం వచ్చి ఉంటుంది. వ్యాకరణం పరీక్షలో మార్కు పోవచ్చేమో గానీ, ప్రార్థనల్లో పాతుకుపోయిన రూపాన్ని చదివేటప్పుడు దిద్దక్కర్లేదు. మీ సొంత మాటల్లో చెప్పేటప్పుడు “దేవుడు ప్రేమ” అనండి. మూలంలో ఉన్నదీ అంతే, ‘స్వరూపి’ అనువాదంలో చేరింది.