నాన్న కోసం ప్యాకెట్లు చదువుతున్నావట

చిరంజీవి సుధకు అత్తయ్య ఆశీస్సులు.

నాన్నకి బీపీ అని తేలగానే ఇంట్లో ప్యాకెట్లన్నీ బల్ల మీద పరిచి, దేంట్లో ఏముందో నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత మురిసిపోయానో! ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెబుతాను, విసుక్కోకుండా చదువు.

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాస్తారని నీకు తెలుసు. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, తేనె అని విడివిడిగా రాస్తే ఒక్కోటీ కిందికి జారుతుంది, అన్నీ కలిపి చక్కెర కిందే లెక్కేసుకో. ప్యాకెట్ ముందువైపు పెద్దక్షరాల్ని నమ్మకు, వెనక్కి తిప్పు.

నా భయమంతా సోడియం దగ్గరే, అదే ఉప్పులో ఉండి బీపీ పెంచేది. మీ మామయ్య సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఆయనా నీలాగే మొదలుపెట్టారు. రెండు రకాల ఉప్పు బిస్కెట్లు రెండు చేతుల్లో పట్టుకుని, కళ్లజోడు పైకెత్తి, "దీంట్లో 270, దాంట్లో 700. ఇదే మేలు" అని తేల్చేశారు. తీరా చూస్తే ఆ 270 మిల్లీగ్రాములు 30 గ్రాములకి, ఆ 700 మాత్రం 100 గ్రాములకి! మొదటిది కూడా 100 గ్రాములకి కడితే 900. ఉప్పు ఎక్కువున్నదాన్నే ఏరికోరి తెచ్చుకున్నారన్నమాట. పైగా తక్కువే కదా అన్న ధీమాతో పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. ఆ 30 గ్రాముల దగ్గర ఆగేవాళ్లెవరు? బీపీ దిగలేదు, డాక్టరుగారు మందు పెంచారు. నేనేమో కూరల్లో ఉన్న కాస్త ఉప్పూ తీసేశాను. ఆ చప్పిడి తిండి నోరెత్తకుండా తిన్నారు సుధా, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చివరికి డైటీషియన్ ఇంట్లో ప్యాకెట్లు తెమ్మని, ఆ "30 గ్రా." చుట్టూ పెన్నుతో గీసి చూపించారు.

అందుకే నీ నోట్‌బుక్‌లో ప్రతి అంకె 100 గ్రాములకే రాయి. దాని పక్కనే నాన్న నిజంగా ఎంత తింటారో తూచి రాయి. సూప్ పొడి లాంటివైతే అంకె పొడికా, నీళ్లు కలిపాక వచ్చే సూప్‌కా అన్నది చూడు. ఒక దాని మీద సోడియం అనీ, ఇంకో దాని మీద ఉప్పు అనీ ఉంటే నేరుగా పోల్చకు, సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి 2,000 మిల్లీగ్రాముల సోడియం లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఉప్పు 5 గ్రాముల లోపు. నాలుకని మాత్రం నమ్మకు. తియ్యటి బిస్కెట్లో వేసే బేకింగ్ సోడాలోనూ సోడియం ఉంటుంది, బ్రెడ్‌లో ఉప్పుంటుంది.

ఇంకో మాట, ఇది కచ్చితంగా వినాలి. "లో సోడియం" ఉప్పు కనపడగానే కొనెయ్యకు. చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు సరిగా లేనివాళ్లకి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకి ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. డాక్టరుగారిని అడగందే ఆ ప్యాకెట్ గడప దాటి రానిచ్చావో, నేనూరుకోను.

నాన్న చేతిలోంచి ఏదీ లాక్కోకు. చిన్నప్పుడూ అంతే వాడు, లాక్కుంటే దాచుకుని తినేవాడు. నీకు అక్షరాలు నేర్పింది ఆ ప్యాకెట్ల మీదేనమ్మా, ఒళ్లో కూర్చోబెట్టుకుని. ఇప్పుడు నువ్వు పక్కన కూర్చుని అంకెలు వాడి చేతే చదివించు. ఏది మానాలో వాణ్ణే చెప్పనీ.

కొన్నాళ్లకి తయారీ మారిపోతుంది, పాత ప్యాకెట్ చూసి రాసిన అంకె కొత్తదానికి పనికిరాదు. కొత్తది తెచ్చినప్పుడల్లా మళ్లీ చూడు. ముందు నాన్న మందుల పేర్లు, కిడ్నీ పరీక్ష రిపోర్టు తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లిరా. రాగానే ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే.

నీ అత్తయ్య