పోగొట్టుకున్నదేదో ముందు రాయి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వార్‌హామర్ 40,000లో (చిన్న బొమ్మలకు రంగేసి, బల్ల మీద పాచికలతో ఆడే యుద్ధపు ఆట) నీ సైన్యానికి కథ రాస్తూ బరంపురం నుంచి నువ్వు పంపిన ఫైలు మొత్తం చదివాను. నలభై పేజీలు దాటినా నీ ఛాప్టర్, అంటే నీ స్పేస్ మెరీన్ల దళం, పుట్టిన గ్రహం, దాని చంద్రుళ్లు, దాని రాజవంశాల దగ్గరే తిరుగుతున్నావు. కొన్న బొమ్మలేమో ఇంకా రంగు పడకుండా పెట్టెలోనే ఉన్నాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఎక్కడ ఆపాలో తెలియట్లేదు మామయ్యా, టెన్షన్‌గా ఉంది" అని రాశావు కదా. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసిన రోజుల నుంచి వార్‌హామర్ 40,000 ఆడుతూ, నా సైన్యాలకు కథలు రాసుకుంటూ వచ్చినవాణ్ణి. తెలిసినదంతా చెబుతాను, నిదానంగా చదువు.

నీ భాషకు వంక పెట్టడానికి లేదు, ఊహకు అసలే లేదు. కానీ నీ వాళ్లు గెలిచిన యుద్ధాలన్నీ వరసగా రాశావు, పోగొట్టుకున్నది మాత్రం ఒక్కటీ రాయలేదు. సైన్యానికి కథ అక్కడే మొదలవుతుంది. ఏం పోయింది? ఎవరి నిర్ణయం వల్ల పోయింది? అది పోయాక వాళ్లు ఏ పని మానేశారు, ఏ పని మాత్రం ప్రాణం మీదికొచ్చినా మానరు? వీటికి జవాబు దొరికితే రంగులు, గుర్తులు, పోరాడే తీరు వాటి వెనకాలే వచ్చేస్తాయి. దొరకనంత కాలం నువ్వు ఇంకో గ్రహం, ఇంకో రాజు అంటూ చేర్చుకుంటూ పోవడమే.

ముందు లెక్క సరిచూసుకో. ఒక్క ముట్టడిలో మీ వాళ్లు పదివేల మంది నేలకొరిగారని రాశావు. స్పేస్ మెరీన్లు, అంటే ఆ ఆటలో మామూలు మనుషులను మించిన సైనికులు; వాళ్ల ఛాప్టర్ అంటే మొత్తం సుమారు వెయ్యి మంది. వంద మంది చొప్పున పది కంపెనీలు. మొదటి కంపెనీ ఆరితేరిన వాళ్లది, పదోది ఇంకా నేర్చుకుంటున్న స్కౌట్లది. నక్షత్రమండలం ఎంత పెద్దదైనా నీ వాళ్లు ఆ వెయ్యి మందే. ఈ చిన్న సంఖ్య నీకు కలిసొచ్చే విషయం. రెండు కంపెనీలు పోయాయంటే ఐదో వంతు పోయినట్టు. మిగిలిన ప్రతి ఒక్కడికీ పోయిన వాళ్లు పేరుపేరునా తెలుసు. పదివేలు అని రాస్తే చదివేవాడికి అది అంకె. నూట తొంభై మంది అని రాస్తే, ఎవరెవరు అని అడుగుతాడు.

ఇంకో సంగతి నీకు తెలిసే ఉంటుంది, కానీ వాడుకోలేదు. ప్రతి మెరీన్ ఒంట్లో రెండు ప్రొజెనాయిడ్ గ్రంథులుంటాయి, మెడలో ఒకటి, ఛాతీలో ఒకటి. మనిషి పడిపోయాక అపోథెకరీ, అంటే ఛాప్టర్ వైద్యుడు, వచ్చి వాటిని తీసి భద్రపరుస్తాడు. వాటిలో ఉండే జీన్‌సీడ్ అనే బీజం ఉంటేనే రేపు కొత్తవాడు తయారవుతాడు. అంటే శవాలను వదిలేసి వెనక్కి తగ్గితే పోయేది వాళ్లే కాదు, వాళ్ల తర్వాత రావలసిన వాళ్లు కూడా. ఓడిపోయే యుద్ధంలో నీ కెప్టెన్ ముందు రెండు దారులు పెట్టు. బతికున్న వాళ్లను తీసుకుని బయటపడాలా, చనిపోయిన వాళ్ల జీన్‌సీడ్ కోసం మరో గంట నిలబడాలా? ఏది ఎంచుకున్నా తప్పు పట్టేవాడు ఛాప్టర్‌లోనే ఉంటాడు. రెండు వర్గాల వాళ్లనూ నిజాయితీపరులుగానే రాయి. అప్పుడు నీ సైన్యంలో మనుషులు కనబడతారు.

నిజానికి నీకు కావలసిన కథ నీ ఫైల్లోనే ఉంది. ముప్ఫై ఒకటో పేజీలో ఒకే ఒక్క వాక్యంగా పడేశావు: మహా చీలిక వచ్చినప్పుడు మూడో కంపెనీ, ఆరో కంపెనీ అవతలి వైపు ఉండిపోయాయి. మిగిలిన పేజీలన్నీ తీసి పక్కన పెట్టు. మొదలుపెట్టాల్సింది ఈ వాక్యంతో.

2017లో ఆట ఎనిమిదో ఎడిషన్ వచ్చినప్పుడు ఇంపీరియాన్ని, అంటే ఆ కథలోని మనుషుల సామ్రాజ్యాన్ని, ఈ చీలిక రెండుగా కోసేసింది. ఇటు ఇంపీరియం సాంక్టస్, అటు ఇంపీరియం నైహిలస్. అటువైపు వాళ్లకు ఓడలకు దారి చూపే ఆస్ట్రోనోమికన్ వెలుగు అందదు. కబురు పోదు, రాదు. నువ్వు ఈ వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావంటే, దాని బరువు నీకు ఇంకా తెలియలేదన్నమాట. మన ఊళ్లో పుట్టినవాడికి అది తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మన పర్లాకిమిడి ఇటు వచ్చింది. అదే ఎస్టేటులో ఎన్నో ఊళ్లు అటు మద్రాసు వైపే ఉండిపోయాయి. పాతపట్నం పక్కనే ఉంది, గుణుపురం రైలు ఆ ఊరి మీదుగానే వస్తుంది, అయినా అది వేరే రాష్ట్రం. మనవాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పిల్లనిచ్చేది అటు, పొలం ఇటు. ఇక్కడ రాకపోకలు ఆగలేదు, అది మన అదృష్టం. నీ ఛాప్టర్‌కు ఆ అదృష్టం లేదు.

అమ్మమ్మ దగ్గర కూర్చుని అడుగు. గీత పడ్డాక పెద్దవాళ్లు వేటిని పట్టుబట్టి నిలుపుకున్నారు, వేటిని మెల్లగా వదిలేశారు అని. ఏ పెళ్లికి ముందు ఎవరికి కబురు పంపేవారు, ఏ పండక్కి ఎవరు వచ్చేదాకా ఆగేవారు. ఆవిడ చెప్పినదాన్ని తీసుకెళ్లి అక్కడ అతికించమనడం లేదు. మన ఊరి పేర్లు గ్రహాలకు పెట్టమని అంతకన్నా కాదు. విడిపోయిన వాళ్లు ఏం చేస్తారో ఆవిడ మాటల్లో తెలుస్తుంది. అది చాలు. మిగతాది నువ్వు కల్పించుకో. ఉదాహరణకు, హాజరు పిలిచేటప్పుడు మూడు, ఆరు కంపెనీల వాళ్ల పేర్లు ఇప్పటికీ చదువుతారనుకో. ఆ రెండు నంబర్లూ కొత్తవాళ్లకు ఇవ్వరు. ఛాప్టర్ మాస్టర్ కొత్త కంపెనీలు కట్టమంటాడు, పాత సార్జెంట్లు ఒప్పుకోరు. ఇదే నీ గొడవ, ఇదే నీ కథ.

ఇప్పుడు ఇది బొమ్మ మీద కనబడాలి. కనబడనిది రాయకు, ఈ మాట గట్టిగా పట్టుకో. మన ఊరి కొమ్ము పని చూశావు కదా. కొమ్మును వేడి చేసి, మెత్తబడ్డాక ఒంపు తిప్పి, అరగదీసి, అద్దంలా మెరుగు పెడతారు. నల్లగా ఉన్నట్టే ఉంటుంది, వెలుతురుకు పెడితే లోపల తేనెరంగు చారలు తెలుస్తాయి. అటువైపు తోబుట్టువులున్న మెరీన్లు ఎడమ భుజం కవచం మీద సొంత గ్రహపు జంతువు కొమ్ము తొడుక్కుంటారని పెట్టుకో. నలుపు వేసి, బాగా పల్చన చేసిన గోధుమరంగుతో ఒంపు పొడుగునా సన్నని గీతలు లాగు. అంచు దగ్గర ఇంకాస్త లేత రంగు. ఆరాక ఆ ఒక్క చోటే మెరిసే వార్నిష్, మిగతా కవచమంతా మెరుపు లేని మ్యాట్. ఐదుగురిలో ఇద్దరికే వెయ్యి. ఎదుటివాడు బొమ్మ చేతిలోకి తీసుకుని "వీళ్లకే ఎందుకు ఇలా ఉంది?" అని తప్పక అడుగుతాడు.

ఒక హెచ్చరిక. ఛాప్టర్ల కన్నా ముందు స్పేస్ మెరీన్ల పెద్ద సేనలైన ఇరవై లీజియన్లలో రెండోదీ పదకొండోదీ రికార్డుల్లోంచి తుడిచేశారు. నీ ఛాప్టర్ ఆ వంశమేనని చివర్లో సూచించావు. తీసెయ్యి. ఆ ఖాళీని ఖాళీగా ఉంచబట్టే ఇన్నేళ్లుగా జనం దాని గురించి మాట్లాడుకుంటున్నారు. నీది నువ్వు వేరే ఖాళీ వదులుకో: అటు ఉండిపోయిన రెండు కంపెనీలు బతికున్నాయా లేదా. దానికి జవాబు నువ్వు కూడా ఇప్పుడే నిర్ణయించకు.

పేర్లు పొట్టిగా ఉండాలి, బల్లకు అటువైపున్నవాడికి ఒక్కసారి చెబితే గుర్తుండాలి. తేదీలు, మ్యాపులు తర్వాత చూసుకోవచ్చు.

ముగించే పద్ధతి చెబుతాను. ఒక్క పేజీ రాయి, చేత్తో రాయి. ఏం పోయింది, ఎవరి వల్ల, దాన్నుంచి పుట్టిన ఆచారం ఒకటి, లోపల నలుగుతున్న గొడవ ఒకటి. తర్వాత ఐదు బొమ్మలకు రంగు వెయ్యి. (వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు ప్రైమర్ స్ప్రే కొట్టకు, ఉపరితలం గరుకు తేలి పని పాడవుతుంది. ఎండ కాసిన రోజు చూసుకో.) ఆ ఐదుగురికీ తలా మూడు వాక్యాలు. అక్కడితో కలం మూసెయ్యి. కొత్త స్క్వాడ్‌కు రంగు పూర్తయితేనే కొత్త వాక్యాలు రాసుకునే హక్కు వస్తుంది. రెండు వేల పాయింట్ల (ఆటలో బొమ్మల బలాన్ని లెక్కించే కొలత) సైన్యం బల్ల మీదికి వచ్చేసరికి కథ కూడా దానంతటదే ఆ మేరకు పెరిగి ఉంటుంది.

ఇక ఆడు. 2020లో తొమ్మిదో ఎడిషన్‌తో వచ్చిన క్రూసేడ్ పద్ధతి నీలాంటి వాళ్లకోసమే. ఆట ఆటకూ స్క్వాడ్‌లకు అనుభవం, గౌరవాలు, గాయాలు రాసుకుంటూ పోవచ్చు. ప్రతి ఆట తర్వాత రెండు లైన్లు నోట్‌బుక్‌లో పెట్టు. నీ కెప్టెన్ మొదటి టర్న్‌లోనే కూలిపోతే అది కూడా రాయి, కథలో మార్చకు. పాచికలు తెచ్చిపెట్టిన దెబ్బ నువ్వు కూర్చుని ఊహించలేవు. నా ఆర్క్ (ఆ ఆటలోని గ్రహాంతర జాతి) సైన్యంలో అందరికన్నా పేరున్న నాయకుడు మొదట మామూలు బొమ్మే, ఒక ఆటలో ఒంటరిగా మిగిలి వంతెన నిలబెట్టాడు కాబట్టి వాడికి పేరు వచ్చింది.

ఆ ఒక్క పేజీ, రంగేసిన ఐదు బొమ్మలు, ఆడిన ఒక్క ఆట. ఇవి మూడూ చేతికొస్తే నీ సైన్యం కథ పూర్తయినట్టే లెక్క. ఆ తర్వాత రాసేవన్నీ చేర్పులు, వాటికి తొందర లేదు.

దసరాకు వస్తావుగా, ఆ మూడింటిలో మొదటి రెండూ పట్టుకురా. మూడోది మా ఇంట్లో, నా ఆర్క్‌లతో. అపోథెకరీని తేవడం మర్చిపోకు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య
పర్లాకిమిడి