ఒక్క లైను మారిస్తే అన్నీ కంపైల్ కావాలా?

ప్రశ్న: మా సీ ప్రాజెక్టులో దాదాపు 400 ఫైళ్లున్నాయి. అన్నీ 'కామన్.హెచ్' అనే ఒకే హెడర్‌ను (ఉమ్మడి డిక్లరేషన్లు ఉండే ఫైలు) ఇన్‌క్లూడ్ చేస్తాయి, అంటే తమలోకి లాక్కుంటాయి. అందులో ఒక్క లైను ముట్టుకున్నా మొత్తం మళ్లీ కంపైల్ అవుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఈ బాధ నేనూ పడ్డాను. ఆ హెడర్‌ను ఒకేసారి పగలగొట్టకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందు ప్రతి సీ ఫైల్లో దాని సొంత హెడర్‌ను మొదటి లైనులో పెట్టండి. ఉదాహరణకు, క్యూ.సీ అనే ఫైల్లో తొలి ఇన్‌క్లూడ్ క్యూ.హెచ్ కావాలి. నేనలా పెట్టగానే 'సైజ్_టీ తెలియదు' అని ఎర్రర్ వచ్చింది. సైజ్_టీ అనే టైపును ఇచ్చే ఎస్‌టీడీడెఫ్.హెచ్ (సీ ప్రామాణిక హెడర్) మా క్యూ.హెచ్‌లో లేనే లేదు. సీ ఫైల్లో దానికంటే పైనున్న వేరే హెడర్ పుణ్యమా అని అన్నేళ్లూ నడిచింది! ఇలాంటివి దొరికినచోటే సరిచేయండి.

తర్వాత స్ట్రక్ట్‌లు (కొన్ని ఫీల్డులను కలిపి కట్టిన డేటా రకాలు) చూడండి. హెడర్‌లో వాడేది ఆ స్ట్రక్ట్‌కు పాయింటరే (దాని మెమరీ చిరునామా) అయితే 'స్ట్రక్ట్ క్యూ;' అన్న ఒక్క డిక్లరేషన్ చాలు. లోపలి ఫీల్డులు సీ ఫైల్లోనే ఉంచేయండి. నా అనుభవంలో ఎక్కువ లాభం ఇక్కడే. ఇన్‌క్లూడ్ గార్డులు (ఒకే హెడర్ రెండుసార్లు చేరకుండా ఆపే లైన్లు) ఎలాగూ ఉండాల్సిందే.

ఏ హెడర్ దేన్ని లాగుతోందో జీసీసీ కంపైలర్‌లో మైనస్ క్యాపిటల్ హెచ్ (-H) ఆప్షన్ చూపిస్తుంది. హెడర్ పేరు ముందు చుక్కలు ఎన్ని ఉంటే ఇన్‌క్లూడ్‌ల గొలుసులో అది అంత లోతున ఉన్నట్టు.