సముద్రపు నాచు మాత్రలు రోజూ వేసుకోవచ్చా?

ఈ మాత్రల విషయంలో ముందు చూడాల్సింది అయోడిన్. థైరాయిడ్ హార్మోన్ తయారవడానికి అది కావాలి, నిజమే. కానీ పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు. అయోడిన్ ఉప్పు వాడేవాళ్లకి చాలావరకు అందులోనే అందుతుంది. కెల్ప్ రకం నాచులో అయితే ఒక్క గ్రాము పొడిలోనే 1,000 మైక్రోగ్రాములు దాటొచ్చు, పైగా ఒక్కో సీసాలో ఒక్కోలా ఉంటుంది. మోతాదు మించితే థైరాయిడ్ మందగించొచ్చు, లేదా అతిగా పనిచేసి గుండెదడ, చేతుల వణుకు రావచ్చు. హిజికి రకం నాచులో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఎక్కువ, దాని జోలికే వెళ్లకండి.

పీచు, ఖనిజాలు ఉన్నా మాత్రలో పట్టేది చిటికెడే. బరువు తగ్గుతారన్న ప్రచారానికి గట్టి ఆధారాల్లేవు. గర్భిణులు, థైరాయిడ్ మందులు గానీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ గానీ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. సీసా మీద అయోడిన్ ఎంతో రాయకపోతే అసలు కొనకండి.