జీతం పెంచే అధికారం లేని స్క్రమ్ మాస్టర్ జట్టును ఎలా నడిపించాలి?

"ఎవరి జీతమూ పెంచలేను, ఎవరినీ మార్చలేను; స్క్రమ్ మాస్టర్‌గా నా మాట ఎవరు వింటారు?" అన్నది మీ సందేహం. స్క్రమ్ అంటే చిన్న జట్టు కొద్ది వారాల విడతల్లో పని ముగించే పద్ధతి; అది సరిగ్గా నడిచేలా చూసేవారే స్క్రమ్ మాస్టర్. ఎవరు ఏ పని, ఎలా చేయాలో జట్టే తేల్చుకోవాలన్నది స్క్రమ్ నియమం. 2001లో 17 మంది కలిసి ప్రకటించిన ఎజైల్ (మార్పులకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను విడతలుగా తయారుచేసే తీరు) సూత్రాల్లోనూ మంచి డిజైన్లు తమను తాము నడుపుకునే జట్ల నుంచే పుడతాయని ఉంది. అందుకే పెత్తనం చేసే అధికారం మీకు ఉద్దేశపూర్వకంగానే ఇవ్వలేదు.

ముందు రోజూ జరిగే 15 నిమిషాల సమావేశాన్ని గమనించండి. అందరూ మీ ముఖం చూస్తూ పాఠం అప్పజెబుతున్నారా? అయితే వాళ్ల దృష్టిలో మీరు మేనేజరే. ఒక్కో పనికి ఒక్కో కార్డు పెట్టిన బోర్డు దగ్గర నుంచి పక్కకు జరగండి. మనుషుల వరుసలో కాకుండా, దాదాపు పూర్తయిన కార్డుతో మొదలుపెట్టి "దీన్ని ముగించడానికి అడ్డేమిటి?" అని అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది, భరించాలి. కాసేపటికి టెస్టర్ మిమ్మల్ని వదిలి డెవలపర్ వైపు తిరుగుతారు.

పలుకుబడి అడ్డంకులు తొలగించడంతో వస్తుంది. టెస్ట్ సర్వర్ అనుమతి కోసం వారాలుగా నలుగుతున్న టికెట్‌ను (అభ్యర్థనను) మీరు వెంటపడి తేల్చితే, మీ తర్వాతి సూచనను చెవిన పెడతారు. ఒకేసారి ఎన్ని పనులు చేపట్టాలో జట్టునే నిర్ణయించుకోనివ్వండి. ఆ అంకె మీకు ఎక్కువనిపించినా ఒక స్ప్రింట్ (ఒక విడత పని) సాగనివ్వండి.

అన్నట్టు, అప్రైజల్ రాసే మేనేజరుకే ఈ పాత్రను అంటగట్టే కంపెనీలూ ఉన్నాయి. అక్కడ రెట్రోస్పెక్టివ్‌లో (విడత చివర పని తీరులోని లోటుపాట్లు చర్చించే సమావేశంలో) నిజం ఎవరు చెబుతారు? కనీసం ఆ సమావేశాన్నయినా సభ్యులే వంతులవారీగా నడిపేలా ఒప్పించండి.